తీర పరిశ్రమల వ్యర్థజలం: సముద్రంలోకి పైపా, జీరో డిశ్చార్జా... ఏది మేలు?

తీరంలో రసాయన కర్మాగారమో, ఔషధ పరిశ్రమో, అద్దకం యూనిట్లో వస్తున్నాయంటే మొదట లేచే గొడవ నీళ్ల గురించే. శుద్ధి చేశాక మిగిలిన నీటిని ఎక్కడికి పంపుతారు? పెట్టుబడిదారు వైపు వాళ్లు "సముద్రంలోకి పైపు వేస్తాం, అక్కడ కలిసిపోతుంది" అంటారు. ఎదుటి పక్షం వాళ్లు "ఒక్క చుక్క కూడా బయటికి రావడానికి వీల్లేదు, జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పెట్టాల్సిందే" అంటారు. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. నీళ్లలో కలిసిపోయింది అంటే లేకుండా పోయిందని కాదు. చుక్క నీరు బయటికి రాలేదంటే కాలుష్యం బయటికి రాలేదనీ కాదు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 207వ అధికరణం భూమి మీది నుంచి సముద్రంలోకి వెళ్లే కాలుష్యాన్ని అదుపు చేసేలా చట్టాలు చేసుకోమని దేశాలకు చెబుతుంది. దాన్ని అందరూ ఉటంకిస్తారు. అంతకన్నా పదునైనది 195వ అధికరణం: ఒక చోటి హానిని ఇంకో చోటికి మళ్లించకూడదు, ఒక రకం కాలుష్యాన్ని ఇంకో రకంగా మార్చకూడదు. పైపు, జీరో డిశ్చార్జ్ రెండింటినీ ఈ అధికరణం ముందు నిలబెట్టి చూడాలి. పైపు హానిని ఒడ్డు నుంచి లోతుకు మళ్లిస్తోందా? జీరో డిశ్చార్జ్ నీటి కాలుష్యాన్ని ఉప్పు కుప్పగానూ బొగ్గు పొగగానూ మారుస్తోందా? ఓడల నుంచి వ్యర్థాలు పారబోయడాన్ని అడ్డుకునే 1972 లండన్ ఒప్పందం గానీ, దాన్ని బిగించిన 1996 ప్రోటోకాల్ గానీ తీరం నుంచి వేసే పైపులకు వర్తించవు. కాబట్టి అసలు బాధ్యత ఆయా దేశాల అనుమతి పత్రాల మీద, ఆ పత్రాల్లో రాసే షరతుల మీద పడుతుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. "ఈ ఫ్యాక్టరీకి పైపా, జీరోనా" అన్న ప్రశ్నే తప్పు. ఒకే ఫ్యాక్టరీలో ఐదారు రకాల ధారలు పుడతాయి. నిర్ణయం ఒక్కో ధారకూ విడిగా జరగాలి. అన్నీ ఒకే తొట్టిలో కలిపాక ఏ దారి పట్టినా అది చెడ్డ దారే అవుతుంది.

ముందు ధారలు విడదీయాలి

మొదటి జల్లెడ ఒకటే: ఇందులో ఉన్న పదార్థం సముద్రంలో విరిగిపోతుందా, జీవుల ఒంట్లో పేరుకుంటుందా? దీనికి పనికొచ్చే కొలతలు 2001 స్టాక్‌హోం ఒప్పందంలోనే ఉన్నాయి. నీటిలో అర్ధాయువు (సగం విరిగిపోవడానికి పట్టే కాలం) 2 నెలలు దాటినా, అడుగు మట్టిలో 6 నెలలు దాటినా అది నిలిచి ఉండే పదార్థం. జీవుల్లో పేరుకునే గుణకం, అంటే చుట్టూ ఉన్న నీటిలో కన్నా ఒంట్లో ఎన్ని రెట్లు పోగవుతుందన్న అంకె, 5,000 దాటితే అది పేరుకునే పదార్థం. ఆ ఒప్పందం ఈ కొలతలను ప్రపంచమంతటా నిషేధించాల్సిన రసాయనాలను గుర్తించడానికి వాడుతుంది. తీరంలో నిర్ణయం తీసుకునేటప్పుడు ఇంకాస్త కఠినంగా ఉండాలి. పాదరసం, కాడ్మియం, క్లోరిన్ చేరిన ద్రావకాలు, యాంటీబయాటిక్ మూలపదార్థాలు ఉన్న ధారకు పైపు ఎంత పొడవున్నా అనుమతి ఉండకూడదు.

ఎందుకంటే ఈ తరహా విషాలకు పలచన మందు కాదు. మినమాటా సంగతి అందరికీ తెలిసిందే, అయినా అందులోని ఒక ఘట్టం మీద తగినంత చర్చ జరగదు. జపాన్‌లోని ఆ ఊళ్లో పాదరసం చేరిన చేపలు తిన్నవాళ్ల నరాలను దెబ్బతీసిన వ్యాధిని అధికారికంగా గుర్తించింది 1956 మే 1న. అప్పటికి చిస్సో కంపెనీ పాదరసం కలిసిన వ్యర్థజలాన్ని హ్యక్కెన్ రేవులోకి వదులుతోంది. 1958లో ఆ ధారను మినమాటా నది ముఖద్వారం వైపు మళ్లించింది. ఎక్కువ నీళ్లు, ఎక్కువ ప్రవాహం, ఎక్కువ పలచన. జరిగిందేమిటంటే వ్యాధి కొత్త తీరాలకు పాకింది. మరుసటి ఏడాది సైక్లేటర్ అనే శుద్ధి యంత్రం పెట్టారు గానీ అది కరిగిన సేంద్రియ పాదరసాన్ని తీసేయడానికి తయారైనది కాదు. పాదరసం వదలడం ఆగింది 1968లో. పైపు కొసను ఇంకో చోటికి జరిపితే సమస్య తీరుతుందనే ఆలోచన ఎప్పుడు వినిపించినా ఈ తేదీలు గుర్తు చేయాలి.

రెండో రకం, విరిగిపోయే సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం. ఇవి మోతాదును బట్టి, చేరే చోటును బట్టి హాని చేస్తాయి. మూసుకుపోయిన ఖాతంలో పాచి పెరిగి, కుళ్లి, అడుగున ప్రాణవాయువు హరించుకుపోతుంది. తెరిచిన లోతు తీరంలో అదే మోతాదు కనిపించకుండా సర్దుకుపోవచ్చు.

మూడోది మామూలు లవణాలు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడ్, 11 గ్రాముల సోడియం, 2.7 గ్రాముల సల్ఫేట్ ఇప్పటికే ఉన్నాయి. వ్యర్థజలంలో మిగిలింది ఈ లవణాలే అయితే, దాన్ని మరిగించి ఉప్పుగా మార్చి నేల మీద కుప్ప పోయడం సముద్రానికి మేలు కాదు, నేలకు కీడు. ఈ ధార విషయంలో మేం పైపు పక్షమే.

సముద్ర పైపు: బాగా వేస్తే ఎలా ఉంటుంది

బాగా వేసిన పైపుకు నమూనాగా అమెరికాలోని బోస్టన్ నగరాన్ని చూపొచ్చు. 2000 సెప్టెంబరులో మొదలైన దాని సొరంగం దాదాపు 15 కిలోమీటర్లు సముద్రంలోకి వెళ్లి, 30 మీటర్ల లోతున, చివరి 2 కిలోమీటర్ల మేర 55 నిలువు గొట్టాల ద్వారా నీటిని చెదరగొడుతుంది. అక్కడ పైపుతో పాటు ద్వితీయ స్థాయి (సూక్ష్మజీవులతో చేసే) శుద్ధి వచ్చింది, పరిశ్రమలు మురుగు కాల్వల్లోకి వదిలే లోహాల మీద మూలంలోనే కట్టడి వచ్చింది. పైపు శుద్ధికి బదులుగా రాలేదు, శుద్ధి తర్వాతి మెట్టుగా వచ్చింది. ఈ తేడా పోతే పైపు ఒట్టి మురుగు కాల్వే.

పారిశ్రామిక పైపు కొలతలు ఇంత భారీగా ఉండవు. ఉదాహరణకు రోజుకు 5,000 ఘనపు మీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు 58 లీటర్లు. పైపులో మడ్డి పేరుకోకుండా ఉండాలంటే వేగం సెకనుకు 0.6 నుంచి 0.8 మీటర్లకు తగ్గకూడదు, కాబట్టి లోపలి వ్యాసం 300 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. "భవిష్యత్తులో విస్తరణ ఉంటుంది" అని ఇప్పుడే 600 మిల్లీమీటర్ల పైపు వేస్తే వేగం నాలుగో వంతుకు పడిపోయి, మొదటి రెండు మూడేళ్లలోనే అడుగున బురద కడుతుంది. విస్తరణ కోసం పెద్ద పైపు వేయడం చాలా ప్రతిపాదనల్లో కనిపించే పొరపాటు.

కొసన నీటిని రంధ్రాల గుండా చెదరగొట్టే డిఫ్యూజర్‌లో అసలు కీలకం ఉంది. రంధ్రం నుంచి నీరు సెకనుకు 3 నుంచి 5 మీటర్ల వేగంతో చిమ్మాలి. పై లెక్కకు 50 మిల్లీమీటర్ల రంధ్రాలు ఏడో ఎనిమిదో సరిపోతాయి. అంతకన్నా చిన్నవి పెడితే బార్నకిల్స్ (రాళ్లకు అంటుకునే గుల్ల జీవులు) పట్టి పూడుకుపోతాయి. పెద్దవి పెడితే చిమ్మే వేగం చాలక సముద్రపు నీరే ఇసుకతో సహా లోపలికి వస్తుంది. రంధ్రాలన్నిటి మొత్తం విస్తీర్ణం పైపు అడ్డుకోత విస్తీర్ణం కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే మొదటి రంధ్రాల్లోంచే నీరంతా పోయి చివరివి ఖాళీగా ఉంటాయి. ఫ్యాక్టరీ సగం సామర్థ్యంతో నడిచే రోజుల్లో వేగం సగమవుతుంది. అందుకని నీటిని రోజంతా సన్నగా వదలకూడదు. గార్డ్ పాండ్‌లో (విడుదలకు ముందు నీటిని ఆపి ఉంచే చెరువులో) నిలిపి, పరీక్షించి, సముద్ర ప్రవాహం కదులుతున్న వేళ పూర్తి వేగంతో విడతలుగా పంపు చేయాలి. రంధ్రాలకు రబ్బరు డక్‌బిల్ కవాటాలు పెడితే వెనక్కి నీరు రావడం ఆగుతుంది.

చిమ్మే కోణం నీటి బరువును బట్టి మారుతుంది. సముద్రం కన్నా తేలికైన నీరు దానంతట అదే పైకి లేస్తుంది, కాబట్టి అడ్డంగా చిమ్మితే ప్రయాణం పెరిగి బాగా కలుస్తుంది. సముద్రం కన్నా బరువైన ఉప్పు ధారను పైకి 60 డిగ్రీల కోణంలో చిమ్మాలి. అలా చేయకపోతే అది నేల పట్టి పాకుతూ గుంటల్లో నిలిచి, కింది పొరకు గాలి అందకుండా చేస్తుంది. ఉప్పు ధారకు కాలిఫోర్నియా 2015లో పెట్టిన హద్దు వాడదగ్గ కొలమానం: విడుదల చోటు నుంచి 100 మీటర్లు దాటాక లవణీయత సహజ స్థాయి కన్నా వెయ్యికి 2 పాళ్ల మించి పెరగకూడదు.

పైపు పాడయ్యేది ఎక్కువగా లోతులో కాదు, ఒడ్డున అలలు విరిగే మేరలో. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు సాంద్రత 0.95 దగ్గర ఉంటుంది, సముద్రపు నీటిది 1.025. నీళ్లు నిండి ఉన్నా అది తేలడానికే చూస్తుంది కాబట్టి కాంక్రీటు బరువులు బిగిస్తారు. ఎక్కడైనా మిట్ట దగ్గర గాలి చేరితే ఆ ముక్క పైకి లేచి, అలల తాకిడికి అతుకు దగ్గర విరుగుతుంది. తుపానులో బీచ్ ఇసుక ఎంత లోతు కోసుకుపోతుందో చూసి, దానికి కిందగా పైపును పూడ్చాలి. ప్రశాంతంగా ఉన్న నెలలో తీసిన కొలత చూసి కందకం తవ్వితే మొదటి పెద్ద తుపానుకే పైపు బయటపడుతుంది. విరిగిన పైపు ఒడ్డుకు అతి దగ్గరలో, డిఫ్యూజర్ లేకుండా, పలచన లేకుండా నీళ్లు వదులుతుంది. పైగా భూమి మీది పంపు మీటరులో అంతా మామూలుగానే కనిపిస్తుంది. పంపు దగ్గరి ఒత్తిడి కొద్దిగా పడిపోవడమే బయటికి కనిపించే ఆనవాలు, కాబట్టి ఒత్తిడిని నిరంతరం నమోదు చేయాలి.

లోతులో ప్రమాదం ట్రాల్ వలలది, లంగర్లది. నిలువు గొట్టాల మీద వల జారిపోయే కప్పులు పెట్టాలి, ఆ చోటును నౌకా పటాల్లో గుర్తించాలి, పైన తేలే గుర్తు ఉంచాలి. అన్నిటికన్నా ముందు, ఆ చోటు ఎవరి వేట మైదానమో వాళ్లతో కూర్చుని దారి ఖాయం చేయాలి. ఎక్కడ చేప గుడ్లు పెడుతుందో, ఏ నెలలో నీటివాలు ఎటు తిరుగుతుందో అక్కడ వల వేసేవాళ్లకు తెలిసినంతగా పదిహేను రోజుల సర్వేకు తెలియదు.

"రూల్ ప్రకారమే ఉంది" అన్నది ఎందుకు చాలదు

పైపు మీద మాకున్న ప్రధాన అభ్యంతరం ఇంజినీరింగ్‌ది కాదు, ప్రమాణాలది. చాలాచోట్ల సముద్రానికి నది కన్నా సడలింపు ఇస్తారు. భారత నిబంధనల్లో బీవోడీ (సేంద్రియ మురికి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు లాగే ప్రాణవాయువు) హద్దు లోతట్టు జలాలకు లీటరుకు 30 మిల్లీగ్రాములు, సముద్రతీర జలాలకు 100. అమోనియా నత్రజని 50 వరకు ఉండొచ్చు.

ఈ 50ని లెక్కకట్టి చూద్దాం. పలచన లెక్క తేలికే: పైపు కొసన ఉన్న గాఢత నుంచి సముద్రపు సహజ గాఢత తీసేసి, పలచన రెట్లతో భాగించి, సహజ గాఢత మళ్లీ కలపాలి. సహజంగా 0.05 ఉందనుకుంటే, 50 రెట్ల పలచన తర్వాత హద్దు దగ్గర లీటరుకు 1.05 మిల్లీగ్రాములు మిగులుతుంది. చూడటానికి చిన్న అంకే. కానీ అమోనియాలో చేపల మొప్పలను దెబ్బతీసేది అయాను కాని భాగం. పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆ భాగం ఒక శాతం కూడా ఉండదు. సముద్రం పీహెచ్ 8.1, నీరు వెచ్చనిదైతే అది 5 నుంచి 7 శాతం అవుతుంది. 6 శాతం అనుకుంటే ఆ నత్రజనికి తగ్గ అమోనియా దాదాపు 0.077 మిల్లీగ్రాములు. దీర్ఘకాలం బతకాల్సిన సముద్ర జీవులకు అమెరికా 1989లో పెట్టిన హద్దు 0.035. అంటే పైపు కొసన చట్టం ఒప్పుకున్న నీరే 50 రెట్లు పలచనయ్యాక కూడా రెండింతలు ఎక్కువ. హద్దులోకి రావాలంటే దాదాపు 120 రెట్ల పలచన కావాలి, లేదంటే పైపులోకి పోకముందే నైట్రిఫికేషన్ చేసి, అంటే సూక్ష్మజీవులతో నైట్రేట్ కింద మార్చి, అమోనియాను తగ్గించాలి. రెండోదే సరైన దారి.

పలచన అంకెను ఎప్పుడు కొలిచారన్నది కూడా చూడాలి. నివేదికల్లో సగటు ప్రవాహం మీద వేసిన లెక్క ఉంటుంది. ప్రాణులకు ఇబ్బంది సగటు రోజున రాదు. ఆటుపోట్ల మధ్య నీరు నిలిచిపోయిన గంటల్లో, పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర విడిపోయి కలయిక ఆగిన వారాల్లో వస్తుంది. కనీస పలచన మీద డిజైన్ చేయాలి. పైపు నడవడం మొదలయ్యాక రోడమిన్ రంగు వదిలి, లెక్కలో చెప్పిన పలచన నిజంగా వస్తోందో లేదో కొలిచి చూడాలి.

ఇంకో మోసం గాఢత మీద ఉంటుంది. రోజుకు 1,000 ఘనపు మీటర్లలో లీటరుకు 1,250 మిల్లీగ్రాముల సీవోడీ (మురికిని రసాయనికంగా దహించడానికి కావాల్సిన ప్రాణవాయువు) ఉంటే మొత్తం 1,250 కిలోలు. దానికి 4,000 ఘనపు మీటర్ల కూలింగ్ నీళ్లు కలిపితే లీటరుకు 250కి దిగుతుంది, ప్రమాణం కాగితం మీద నెరవేరుతుంది. సముద్రానికి చేరేది మాత్రం అదే 1,250 కిలోలు. అనుమతిలో లీటరు లెక్కతో పాటు రోజుకు ఇన్ని కిలోలు అన్న హద్దు లేకపోతే ఆ అనుమతికి పళ్లు లేనట్టే.

జీరో డిశ్చార్జ్: నీరు సున్నా, ఉప్పు సున్నా కాదు

ఇప్పుడు రెండో వైపు. రోజుకు 1,000 ఘనపు మీటర్ల వ్యర్థజలం, లీటరుకు 10 గ్రాముల టీడీఎస్ (కరిగిన లవణాలు). నూనె తీసి, నీటి కఠినత తగ్గించి, సిలికా తగ్గించి, జీవ శుద్ధి చేసి, సన్నటి వడపోత (అల్ట్రాఫిల్టర్) దాటించి, లవణాలను ఆపేసే పొర ఉన్న ఆర్‌వోకు పంపుతారు. 75 శాతం మంచి నీరు తిరిగొస్తుంది. నిజంగా పెద్ద లాభం ఇదే. మంచినీళ్లు కరువైన తీరంలో రోజుకు 750 ఘనపు మీటర్లు భూగర్భం నుంచి తోడకుండా మిగలడం చిన్న విషయం కాదు. మిగిలిన 250 ఘనపు మీటర్లలో లీటరుకు 40 గ్రాముల లవణాలు పోగవుతాయి. అసలు భారం ఇక్కడ మొదలవుతుంది.

ఈ 250 ఘనపు మీటర్లను ఆవిరి చేయాలి. ఆవిరినే మళ్లీ కుదించి వాడే ఎంవీఆర్ ఎవాపరేటర్ ఘనపు మీటరుకు 20 నుంచి 25 యూనిట్ల కరెంటు తాగుతుంది, అంటే రోజుకు 5,000 నుంచి 6,250 యూనిట్లు. ఆవిరి బాయిలర్ మీద నడిచే నాలుగు దశల ఎవాపరేటర్ అయితే రోజుకు దాదాపు 78 టన్నుల ఆవిరి కావాలి. చివరి చిక్కటి ద్రావణాన్ని స్ఫటికాలుగా మార్చే యంత్రం ఘనపు మీటరుకు 50 యూనిట్ల పైనే అడుగుతుంది. ఆ కరెంటు, ఆ ఆవిరి బొగ్గు నుంచి వస్తే, నీటి కాలుష్యం గాలి కాలుష్యంగా మారినట్టే. 195వ అధికరణం ఇలాంటి మార్పునే వద్దంటుంది.

చెడిపోయే తీరు కూడా తెలిసిందే. సిలికా లీటరుకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు దాటగానే ఆర్‌వో పొరల మీద గాజులా గట్టిపడుతుంది, ఆమ్లంతో కడిగినా రాదు. కాల్షియం సల్ఫేట్ గొట్టాలకు పట్టి వేడి పారకుండా చేస్తుంది. సేంద్రియ పదార్థం మిగిలి ఉంటే ఎవాపరేటర్‌లో నురగ లేచి, ఆవిరితో పాటు మురికి కూడా పోతుంది. సంతృప్త ఉప్పునీరు 108 డిగ్రీల దగ్గర గానీ మరగదు. కాల్షియం క్లోరైడ్ ఎక్కువ ఉంటే ఆ ఉష్ణోగ్రత ఇంకా పైకి పోతుంది, కంప్రెసర్ అందుకోలేదు. అలాంటి ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ముద్దగా మారుతుంది, డ్రైయర్ నుంచి పొడిగా బయటికి రాదు. అమోనియా, తేలికపాటి ద్రావకాలు ఆవిరితో కలిసిపోతాయి కాబట్టి ఆవిరి చల్లారి తిరిగొచ్చిన నీటిని, అంటే కండెన్సేట్‌ను మళ్లీ శుద్ధి చేయకుండా వాడితే ఇబ్బందే. క్లోరైడ్‌కు మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు తట్టుకోదు. డ్యూప్లెక్స్ స్టీలు గానీ టైటానియం గానీ వాడాలి, ఖర్చు తగ్గిద్దామని ఇక్కడ రాజీ పడితే గొట్టాలు చిల్లులు పడతాయి.

అన్నీ సవ్యంగా నడిచినా రోజుకు 10 టన్నుల ఉప్పు బయటపడుతుంది. ఏడాదికి 3,650 టన్నులు. సోడియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్ విడివిడిగా, శుభ్రంగా తీయగలిగితే కొనేవాళ్లుంటారు. అన్నీ కలిసిన, సేంద్రియ మురికి అంటిన ఉప్పును ఎవరూ తీసుకోరు. అది ప్రమాదకర వ్యర్థాలను కారకుండా పూడ్చే భద్ర గుంటలోకే (ల్యాండ్‌ఫిల్) పోవాలి. ఇక్కడ తీరప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 36 గ్రాముల ఉప్పు కరిగిపోతుంది. భూగర్భ జలం మీటరు రెండు మీటర్ల లోతులో ఉన్న, తుపాను వస్తే మునిగే నేలలో ఉప్పు బస్తాల షెడ్డు పెట్టామంటే, పైకప్పు ఎగిరిన రోజున ఏడాది ఉప్పంతా కరిగి బావుల్లోకీ, కాల్వల గుండా కయ్యల్లోకీ (సముద్రపు పాయల్లోకీ) పోతుంది. డిఫ్యూజర్ లేని, పలచన లేని, ఎవరూ కొలవని విడుదల అది. తీరంలో జీరో డిశ్చార్జ్ అడిగేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: ఉప్పు ఎక్కడికి పోతుంది, ఆ చోటు ఎంత ఎత్తులో ఉంది?

ఇంత చెప్పినా, మొదటి రకం ధారకు, అంటే నిలిచి ఉండే విషాలున్న ధారకు, ఇదే దారి. అది సాధారణంగా మొత్తం నీటిలో చిన్న భాగం. దాన్ని మూలంలోనే విడిగా పట్టి, ద్రావకాలను ఆవిరి చేసి వేరుచేసే స్ట్రిప్పర్‌తో తీసి, మిగిలింది ఆవిరి చేసి, చివరి మడ్డిని 1,100 డిగ్రీలకు పైన మండే దహన యంత్రానికి పంపాలి. 250 ఘనపు మీటర్లకు బదులు 20 ఘనపు మీటర్లు ఆవిరి చేయాల్సి వస్తే ఆ యంత్రం నమ్మకంగా నడుస్తుంది, ఖర్చు కూడా మోయదగ్గది అవుతుంది.

ఎవరు మోసం చేస్తే ఎలా దొరుకుతారు

ఏ పద్ధతినైనా దాని గొప్పతనంతో పాటు, దాన్ని నడిపేవాడికి కలిగే దుర్బుద్ధితో కూడా తూచాలి. పైపుకు ఖర్చంతా ముందే అయిపోతుంది, నడపడం చవక. కాబట్టి పైపును ఆపేయాలనే ఆశ ఎవరికీ పుట్టదు. శుద్ధి యంత్రాలను ఆపి నేరుగా పైపులోకి పంపాలనే ఆశ పుడుతుంది. జీరో డిశ్చార్జ్‌లో నడిపే ఖర్చు రోజూ కనిపిస్తుంది. ఎవాపరేటర్ ఆగిన ప్రతి గంటా డబ్బు మిగులుతుంది. అందుకే వానాకాలపు రాత్రుల్లో కాల్వల రంగు మారుతుంది.

జీరో డిశ్చార్జ్‌ను పట్టుకోవడానికి ఉప్పు లెక్కకు మించిన సాధనం లేదు. లోపలికి రోజుకు 10 టన్నుల లవణం వస్తుంటే, బస్తాల రిజిస్టరులో దాదాపు 10 టన్నులు కనిపించాలి. బురదతో కొంత పోవచ్చు, తేమ వల్ల కొంత తేడా రావచ్చు. రిజిస్టరులో 3 టన్నులే ఉంటే మిగతా 7 టన్నులు ద్రవరూపంలో ఎక్కడికో వెళ్లాయి. ఎవాపరేటర్‌కు విడి కరెంటు మీటరు పెట్టించి, నెలకు ఎన్ని ఘనపు మీటర్లు ఆవిరి చేశామన్నారో దాంతో భాగించి చూస్తే అబద్ధం ఇంకా తొందరగా బయటపడుతుంది. కెమెరాల కన్నా ఈ రెండు అంకెలు నమ్మదగినవి.

పైపు విషయంలో గార్డ్ పాండ్ కీలకం. రెండు రోజుల నీరు పట్టే చెరువులు కనీసం రెండు ఉండాలి. ఒకటి నిండుతుంటే ఇంకోదాన్ని పరీక్షిస్తారు. పీహెచ్, సీవోడీ, అమోనియా, వాహకత అప్పటికప్పుడు తెలుస్తాయి. చేపల మీద చేసే జీవ పరీక్షకు 96 గంటలు పడుతుంది కాబట్టి దాని కోసం ప్రతి విడతనూ ఆపలేరు. దాన్ని క్రమం తప్పకుండా చేసి, ఫలితాల వాలు చూడాలి. ఇక సముద్రంలో చూడాల్సింది నీటి నమూనా కన్నా అడుగు మట్టి. నీరు వెళ్లిపోతుంది, మట్టి మాత్రం జరిగినదాన్ని దాచుకుంటుంది. డిఫ్యూజర్ చుట్టూ పలు దూరాల్లో, పోల్చడానికి దూరంగా రెండు చోట్లలో, పైపు వేయకముందు అన్ని కాలాల్లోనూ ఏడాది పాటు మట్టి తీసి, ఏ పురుగులు, ఏ చిప్పలు ఉన్నాయో లెక్కపెట్టాలి. తర్వాత అక్కడ రకాలు తగ్గిపోయి, కాపిటెల్లా అనే సన్నటి ఎర్ర పురుగు ఒక్కటే కుప్పలుగా పెరిగితే సేంద్రియ భారం ఎక్కువైందని అర్థం. బోనుల్లో ఆల్చిప్పలు పెట్టి కొన్ని నెలల తర్వాత వాటి మాంసంలో లోహాలు కొలవడం చవకైన పద్ధతి, చాలా నమ్మకమైనది కూడా.

మరి ఏది ఎక్కడ?

ఖాతం, కయ్య, నదీముఖం, పగడపు దిబ్బ, మడ అడవి ముందున్న నిస్సార తీరం: ఇక్కడ పైపు వద్దు, ఏ ధారకూ వద్దు. నీటి మార్పిడి నెమ్మదిగా ఉన్న చోట మామూలు లవణం కూడా కుదురుకుంటుంది. ఆవిరి చేసే స్తోమత, ఉప్పు పెట్టుకునే ఎత్తైన నేల లేకపోతే ఆ పరిశ్రమకు అది చోటే కాదు. ఈ మాట అనుమతి ఇచ్చే దశలోనే చెప్పాలి, కట్టాక చెప్పి లాభం లేదు.

తెరిచిన తీరం, 15 మీటర్లకు పైగా లోతు అందేంత దూరం, ఏడాదంతా కదిలే ప్రవాహం ఉన్నచోట రెండో, మూడో రకం ధారలకు పైపే మేలు. షరతు ఒక్కటే: అమోనియా, సేంద్రియ పదార్థం ముందే తగ్గించి, కిలోల హద్దు పెట్టి పంపాలి.

ఔషధ, పురుగుమందుల పరిశ్రమల సముదాయానికి ఉమ్మడి శుద్ధి కేంద్రం, ఉమ్మడి పైపు అంటారు. ఖర్చు పంచుకోవడానికి మంచిదే. బాధ్యత మాత్రం పంచుకోకూడదు. ఒక్కో ఫ్యాక్టరీ నుంచి కేంద్రానికి వచ్చే గొట్టం మీద విడి మీటరు, విడి నమూనా తొట్టి, విషం దొరికితే ఆ గొట్టాన్ని మూసే కవాటం, ఆ కవాటం తాళం కేంద్రం చేతిలో ఉండాలి. ఇవి లేకపోతే ఒకరి యాంటీబయాటిక్ ధార జీవ శుద్ధిలోని సూక్ష్మజీవులను చంపేస్తుంది, అందరి సీవోడీ వారం పాటు అలాగే సముద్రంలోకి పోతుంది, ఎవరు చేశారో తేలదు.

ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న రాజీ మార్గం, ఆర్‌వోతో నీరు తిరిగి వాడుకుని, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని, అంటే రిజెక్ట్‌ను మాత్రమే పైపులో పంపడం. నీటి పొదుపు కోసం మేం దీన్ని సమర్థిస్తాం. కానీ పాత పైపుకు దీన్ని తగిలించేటప్పుడు జాగ్రత్త. పైన చెప్పిన లీటరుకు 10 గ్రాముల నీరు సముద్రం కన్నా తేలిక, పైకి లేచేది. ఆర్‌వో దాటాక మిగిలిన 40 గ్రాముల రిజెక్ట్ 35 గ్రాముల సముద్రం కన్నా బరువు, కిందికి దిగేది. అడ్డంగా చిమ్మడానికి వేసిన పాత డిఫ్యూజర్ దాన్ని నేరుగా అడుగు మీద పరుస్తుంది. నీటి పరిమాణం నాలుగో వంతుకు తగ్గడం వల్ల చిమ్మే వేగం కూడా నాలుగో వంతే. ఆర్‌వో ఆపేసిన విరగని సేంద్రియాలు, లోహాలు అన్నీ నాలుగింతల గాఢతతో అందులోనే ఉంటాయి. కాబట్టి ఆర్‌వో పెట్టే ప్రతిపాదనను "నీటి పొదుపు" ఖాతాలో చిన్న సవరణగా ఆమోదించకూడదు. రంధ్రాల సంఖ్య తగ్గించి, కోణం 60 డిగ్రీలకు మార్చి, పలచన లెక్క మళ్లీ వేసి, రంగు పరీక్ష మళ్లీ చేసి, రిజెక్ట్ మీద జీవ పరీక్ష నెగ్గాకే ఆ కవాటం తెరవాలి.